షిరో ఉత్సురిలో ముందు తెలుపును చూడండి

(కోయి చేపలు పెంచేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈరోజు కోయి చేపల్లో, అంటే అందం కోసం పెంచే జపాన్ రంగు కార్ప్ చేపల్లో, నలుపు తెలుపు వాటి గురించి మాత్రమే మాట్లాడమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఎరుపు ఉన్న రకాల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. తెలుపు ఎరుపుల కొహాకు, తెలుపు మీద ఎరుపు నలుపుల శాంకే, నలుపు మీద ఎరుపు తెలుపుల షోవా, ఈ మూడింటి చుట్టూనే మన కొనుగోళ్లూ మన కబుర్లూ తిరుగుతాయి. జపాన్ పోటీల్లోనూ అత్యున్నత బహుమతి సాధారణంగా ఈ మూడు రకాల్లో ఒకదానికే దక్కుతుంది. అయినా కొలను గట్టున నిలబడి చూస్తున్నప్పుడు, ఎర్ర చేపల గుంపులోంచి నలుపు తెలుపుల షిరో ఉత్సురి, మంచిది ఒకటి, నెమ్మదిగా ఈదుకుంటూ వస్తే చూపు దాని వెంటే పోతుంది. ఉన్నవి రెండే రంగులు. ఎరుపు బాగుందిలే అని సరిపెట్టుకోవడానికి అందులో ఎరుపు లేదు. ఏ లోపమున్నా అది నేరుగా కంటికి తగులుతుంది. అందుకే ఈ రకంలో మంచి చేప దొరకడం అరుదు, దొరికినప్పుడు గుర్తుపట్టడం రావాలి.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే ఉంది, దాన్ని ముందే చెప్పేస్తాను. కొనేవాళ్లలో ఎక్కువమంది నలుపును చూసి కొంటారు. ముందు చూడవలసింది తెలుపు, దానితోపాటే చేప ఒళ్లు. ఆ తరువాత నలుపులోని నాణ్యత. నలుపు ఏ ఆకారంలో పరచుకుంది అన్నది అన్నిటికన్నా చివర. మన దగ్గర ఈ వరుస పూర్తిగా తలకిందులుగా నడుస్తోంది. మెడ మీద ముచ్చటైన పట్టీ ఒకటి కనిపిస్తే చాలు, డబ్బు చేతులు మారిపోతోంది.

ముందుగా ఏది ఏ రకమో తేల్చుకుందాం. అంగడిలో నల్లగా తెల్లగా ఉన్న ప్రతి కోయినీ ఒకే గాటన కట్టేసి అమ్ముతున్నారు. షిరో బెక్కో అనే రకం ఉంది. అది శాంకే వంశానికి చెందినది. తెల్లని ఒంటి మీద నల్లని మచ్చలుంటాయి. ఆ మచ్చలు వీపు మీదే ఆగిపోతాయి, పార్శ్వరేఖ, అంటే పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత, దాటి పొట్ట వైపు దిగవు. తల మీద నలుపు ఉండకూడదు. పక్క రెక్కల్లో నలుపుంటే అది సన్నని గీతలుగా ఉంటుంది. షిరో ఉత్సురిలో ఈ మూడూ వేరు. నలుపు వీపు నుంచి పక్కలకు దిగి పొట్ట దాకా చుట్టుకుంటుంది. తల మీదికి ఎక్కుతుంది, మూతి దాకా వస్తుంది. పక్క రెక్కల మొదట్లో గుండ్రంగా నిలుస్తుంది. ఈ మూడు గుర్తులూ పట్టుకుంటే అమ్మేవారు ఏ పేరు చెప్పినా మీరు తడబడరు.

కుమోన్‌ర్యు, మత్సుకవబకే అనే రకాలు వేరే ఉన్నాయి. ఇవి కూడా నలుపు తెలుపులే, కానీ రంగు నిలకడగా ఉండదు. ఋతువు మారితే, నీటి వేడి మారితే నలుపు పెరుగుతుంది, తరుగుతుంది, చోటు మారుతుంది. కుమోన్‌ర్యు డోయిత్సు జాతి, అంటే ఒంటి నిండా పొలుసులుండవు. ఆ లక్షణం 1904లో జర్మనీ నుంచి జపాన్‌కు తెచ్చిన కార్ప్ చేపల నుంచి వచ్చింది. మత్సుకవబకేకు పొలుసులుంటాయి కాబట్టి దాన్ని ఉత్సురి అని పొరబడటం తేలిక. ఏడాదికో రూపం చూడాలనుకునేవారు ఈ రెండింటినీ ఇష్టంగా పెంచుకుంటారు, అందులో తప్పేమీ లేదు. షిరో ఉత్సురి అనుకుని డబ్బు కట్టినవారికి మాత్రం అది అన్యాయం. అనుమానం ఉంటే ఆ చేప చలికాలపు ఫొటో, ఎండాకాలపు ఫొటో రెండూ అడగండి. కిందటి ఫొటోలో మచ్చ ఉన్న చోట ఇప్పుడు లేకుండా, ఇంకెక్కడో పెద్ద మచ్చ కనిపిస్తే ఆగి ఆలోచించండి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్లాలి. చరిత్ర కోసమని వెళ్లడం లేదు, ఎంపికకు అది పనికొస్తుంది. జపాన్‌లో నీగాటా ప్రాంతపు కొండల్లో, ఇప్పటి యమకోషి, ఒజియా చుట్టుపక్కల గ్రామాల్లో, శీతాకాలమంతా మంచు పేరుకుపోతుంది. అక్కడి వరి రైతులు మెట్ల పొలాలకు నీళ్లు పెట్టే కుంటల్లో తిండి కోసం కార్ప్ చేపలు పెంచుకునేవారు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాటిలో అక్కడక్కడా రంగు పిల్లలు పుట్టాయి. వాటిని విడిగా పెంచుతూ, ఏరుకుంటూ, జతకడుతూ పోయారు. 1914లో టోక్యోలో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆ కొండ గ్రామాల చేపలు వెళ్లాక బయటి ప్రపంచానికి వాటి గురించి తెలిసింది. షిరో ఉత్సురిని 1925లో కజువో మినెమురా రూపొందించారు. రెండేళ్ల తరువాత, 1927లో, జుకిచి హోషినో ఉత్సురిలోనే పసుపు నలుపు రకమైన కి ఉత్సురిని కొహాకుతో కలిపి షోవాను తీశారు.

అంటే షోవా, షిరో ఉత్సురి దగ్గరి చుట్టాలు. ఆ బంధుత్వం ఇప్పటికీ రక్తంలో ఉంది. షోవా పిల్లల్లో ఎరుపు రానివి షిరో ఉత్సురిలా కనిపిస్తాయి. షిరో ఉత్సురి సంతతిలో అప్పుడప్పుడు ఎక్కడో ఒక చిన్న నారింజ చుక్క తేలుతుంది. కాబట్టి కొనేటప్పుడు పెదవి చుట్టూ, రెక్కల మొదళ్లలో, పొట్ట మీద, తోక దగ్గర ఒక్కో అంగుళం చూడండి. మినప గింజంత నారింజ చుక్క ఉన్నా అది ఈ రకంలో లోపమే. పోటీ సంగతి అటుంచినా, చేప పెరిగేకొద్దీ ఆ చుక్క మీ కంటికి గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇంకో విషయం గుడ్డు పగిలిన రోజుల్లోనే తెలుస్తుంది. మనకు బంగారుతీగ తెలుసు, మన చెరువుల్లో పెంచే కార్ప్ చేప. కోయి దానికి దగ్గరి జాతే. గుడ్లు పెట్టించడం దాదాపు అదే పద్ధతి. పెద్ద తల్లి చేప లక్షల్లో గుడ్లు పెడుతుంది. కాబట్టి పిల్లల్ని పుట్టించడం పెద్ద విద్య కాదు, ఏరడమే విద్య. షోవా, ఉత్సురి వంశాల్లో ఈ ఏరివేత చాలా తొందరగా మొదలవుతుంది. పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే కొన్ని నల్లగా, కొన్ని పాలిపోయి కనిపిస్తాయి. నల్లవాటిని ఉంచి మిగిలినవాటిని తీసేస్తారు. ఆ నల్ల పిల్లల ఒంటి మీద తరువాతి వారాల్లో తెలుపు విచ్చుకుంటుంది. ఎక్కువమంది ఉత్సురిని తెల్ల చేప మీద నల్ల మచ్చలని అనుకుంటారు. దాని పునాది నలుపు. తెలుపు దాని మీద తెరుచుకుంటుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, చర్మం కింద నీలి నీడలా కనిపించే నలుపు ఎందుకు విలువైనదో ఇంకాసేపట్లో నేను చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

ఇక చేప దగ్గరకు వెళ్దాం. ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి?

గాజు తొట్టిలో పక్కనుంచి చూసి కోయిని ఎంచుకోకండి. ఇది పై నుంచి చూడటానికి మలచిన చేప. నీలి రంగు గుండ్రని తొట్టిలో, తేటనీటిలో, నీడపట్టున, పగటి వెలుతురులో చూడండి. రంగు దీపాల కింద చూపిస్తే బయటకు తెమ్మని మర్యాదగా అడగండి. తొట్టిలో వేసిన వెంటనే నిర్ణయించకండి. చేప కుదుటపడి నిదానంగా తిరగడం మొదలుపెట్టేదాకా ఆగండి. చిక్కంతో ఎత్తి పట్టుకుని చూపిస్తామంటే వద్దనండి. చేపకు దెబ్బ తగులుతుంది, పొలుసు ఊడుతుంది, మీకు అదనంగా తెలిసేదేమీ ఉండదు.

నేల రంగు కూడా మోసం చేస్తుంది. లేత రంగు తొట్టిలో రోజుల తరబడి ఉన్న చేప నలుపు వెలిసినట్టు కనిపిస్తుంది. ముదురు రంగు కొలనులో ఉన్న చేప నలుపు గట్టిపడుతుంది. ప్రయాణం చేసి వచ్చిన చేప, బెదిరిన చేప కూడా నలుపు తగ్గించుకుంటుంది. అందుకే ఈ చేప ఎన్నాళ్లుగా ఈ తొట్టిలో ఉంది, అంతకుముందు ఎక్కడుంది అని అడగడం మరిచిపోకండి.

తెలుపు. ఇక్కడ కాస్త నిలబడదాం, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దాటిపోయేది ఇక్కడే.

మంచి తెలుపు పాలమీగడలా చిక్కగా, అడుగు కనిపించకుండా ఉంటుంది. తల నుంచి తోక దాకా ఒకే తెలుపు ఉండాలి. నాసి తెలుపు పలుచగా, లోపలి కండ గులాబీ రంగులో తెలిసేలా ఉంటుంది. లేకపోతే బూడిద రంగులోకో పసుపులోకో దిగుతుంది. చూడవలసిన చోట్లు మూడు. ఒకటి నుదురు, రెండు వీపు రెక్కకు రెండు పక్కలా, మూడు తోక మొదలు. ఈ మూడు చోట్లా తెలుపు ఒకేలా ఉంటే చర్మం మంచిది. నుదుటి మీద ఒక తెలుపు, ఒంటి మీద ఇంకో తెలుపు కనిపిస్తే, పెరిగేకొద్దీ ఆ తేడా పెద్దదవుతుంది తప్ప తగ్గదు.

పసుపు విషయంలో తొందరపడకూడదు. ఏడాది లోపు పిల్ల ఉత్సురికి తల మీద కొంచెం పసుపు ఉండటం మామూలే. వయసు వచ్చేకొద్దీ అది చాలా వరకు తేటపడుతుంది. ఒంటి తెలుపంతా పసుపుగా ఉంటే మాత్రం ఆశ పెట్టుకోకండి. రెండేళ్లు దాటిన చేప తల ఇంకా పసుపుగానే ఉంటే దాన్ని కూడా వదిలేయండి. మేత సంగతి కూడా అడగాలి. ఎరుపు పెంచడానికి స్పిరులినా, అస్టాగ్జాంతిన్ కలిపిన మేతలు వాడతారు. కొహాకుకు అవి ఉపయోగం, ఉత్సురి తెలుపును మాత్రం మసకబరుస్తాయి. తెలుపు మసకగా ఉన్న చేప మేత వల్ల అలా ఉందా, పుట్టుకతో అలా ఉందా అన్నది ఒక్క చూపులో తేల్చలేం. అమ్మేవారు రంగు మేత వాడుతున్నామని చెబితే, సాధారణ మేత మీద కొన్ని వారాలు ఉంచాక మళ్లీ చూపించమనండి. ఆ చేపే కావాలన్నంత ఇష్టం మీకుంటే ఆ మాత్రం ఆగవచ్చు.

తెలుపుకు నేను ఇంత పట్టుబడటానికి కారణం ఇది. నలుపు రావచ్చు, పోవచ్చు, లోపలికి దిగి మళ్లీ తేలవచ్చు. నీటితో, వేడితో, వయసుతో దాని నడక మారుతుంది. చర్మపు నాణ్యత తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మీరు చేయగలిగింది ఉన్న తెలుపును పాడుకాకుండా కాపాడుకోవడమే. లేని తెలుపును ఏ మేతా తెచ్చిపెట్టలేదు.

ఒళ్లు గురించి చెప్పాలంటే, పై నుంచి చూసినప్పుడు వెన్ను నిటారుగా ఉండాలి. ఈదేటప్పుడు తోక రెండు వైపులకూ సమానంగా ఊగాలి. ఒక వైపుకే లాగుతుంటే వెన్నులో వంకర ఉన్నట్టు. తల వెడల్పుగా, మూతి మొద్దుగా ఉండాలి. కోసుగా, సన్నగా ఉన్న మూతి పెద్దయ్యాక ఒంటికి పొసగదు. బుగ్గలు రెండూ సమానంగా, మొప్ప మూతలు పూర్తిగా మూసుకుని ఉండాలి. చిన్న పిల్లలో ఎదుగుదల తెలుసుకోవాలంటే తోక మొదలు చూడండి. అక్కడ దిట్టంగా ఉన్న పిల్ల పెద్దయ్యాక ఒళ్లు చేస్తుంది. సన్నగా, చేత్తో నొక్కినట్టు ఉన్న పిల్ల అలాగే మిగిలిపోతుంది. పక్క రెక్కలు పెద్దవిగా, గుండ్రంగా ఉంటే నలుపు తెలుపు చేపకు ఆ నిండుదనమే వేరు.

ఆడదా మగదా అన్నది చాలామంది అడుగుతారు. ఆడవి పెద్దవవుతాయి. మంచి వంశపు ఆడ చేప 70 సెంటీమీటర్లు దాటుతుంది. అందుకే పోటీలకు వెళ్లేవాళ్లు ఆడవాటినే కోరుకుంటారు. మగవాటి రంగు తొందరగా కుదురుకుంటుంది, నలుపు ముందే గట్టిపడుతుంది, ఒళ్లు మాత్రం సన్నగా ఉండిపోతుంది. ఇంటి ముందు చిన్న కొలను ఉన్నవారికి నా సలహా, మంచి మగ ఉత్సురిని తీసుకోమని. తక్కువ డబ్బుకు ఎక్కువ అందం వస్తుంది. దీనికి చాలామంది ఒప్పుకోరు, నాకు తెలుసు. అయినా నాలుగైదు వేల లీటర్ల నీటిలో 70 సెంటీమీటర్ల ఆడ చేపను బంధించడం నాకు నచ్చదు.

ఇప్పుడు నలుపు. జపాన్ పెంపకందారులు దీన్ని సుమి అంటారు, మన కొనుగోలుదారులూ ఆ మాటే వాడుతున్నారు. మంచి సుమి తడి మెరుపుతో, లోతుగా, ఒకే ముదురుతనంతో ఉంటుంది. జపాన్‌లో చెక్క పాత్రల మీద పూసే నల్ల లక్కతో దాన్ని పోల్చి చూస్తారు. మచ్చ నడిమధ్య ఎంత నల్లగా ఉందో చూడండి, తరువాత అంచుకు రండి. మధ్యలో ఒక్కో పొలుసు మీద నలుపు పూర్తిగా నిండిందా, పొలుసుల మధ్య తెల్ల కిటికీలు తెరుచుకున్నాయా? గోధుమ ఛాయ కనిపిస్తే, బూడిద పూసినట్టు మసకగా ఉంటే, ఆ నలుపుకు బలం లేదు.

అంచుల సంగతి తెలియాలంటే పొలుసుల అమరిక గుర్తు తెచ్చుకోవాలి. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగే చేప పొలుసులు ఒకదాని మీద ఒకటి, తల వైపు నుంచి తోక వైపుకు పరచి ఉంటాయి. మచ్చ మొదలయ్యే చోట, అంటే తల వైపు అంచున, నల్ల పొలుసు మొదలును ముందున్న తెల్ల పొలుసు కప్పుతుంది. అందుకే అక్కడ నలుపు నీలంగా, తెర వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని సాషి అంటారు. మచ్చ ముగిసే చోట నల్ల పొలుసు చివర తెలుపు మీద పడుతుంది కాబట్టి అంచు కోసినట్టు తేటగా ఉండాలి. దాన్ని కివా అంటారు. తల వైపు అంచు మెత్తగా ఉందని చేపను తప్పుపట్టకండి, అది సహజం. తోక వైపు అంచు చెదిరిపోయి, పొలుసు పొలుసుకీ వేరుగా ఉంటే అది తప్పు.

మొదట్లో చెప్పిన నీడ నలుపుకు వస్తాను. రెండేళ్ల చేపను చూస్తున్నారనుకోండి. ఒక పెద్ద మచ్చ బాగా నల్లగా ఉంది. దాని పక్కన, తెల్ల చర్మం కింద, నీలి బూడిద రంగులో ఇంకో మచ్చ రూపురేఖలు మాత్రమే తెలుస్తున్నాయి. తెలియనివారు మరక అనుకుని వదిలేస్తారు. అది పైకి రావలసిన సుమి. నల్ల రంగు కణాలు చర్మంలో వేర్వేరు లోతుల్లో ఉంటాయి, పైకి తేలడానికి ఏళ్లు పడుతుంది. పైకి వచ్చిన మచ్చ నాణ్యంగా ఉంటే, లోపలున్నది కూడా అలాగే రావచ్చని ఆశించవచ్చు. జపాన్ పెంపకందారులు మంచి పిల్లల్ని అమ్మకుండా ఇంకో ఏడాది మట్టి చెరువుల్లో ఉంచుకోవడానికి ఇలాంటి నలుపు ఒక కారణం. వసంతం చివర్లో చెరువుల్లోకి వదిలి, చలి రాకముందే అక్టోబరు ప్రాంతంలో తీస్తారు. ఆ కోత రోజుల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ కొనేవాళ్లు నీగాటాకు వెళ్తారు. షిరో ఉత్సురి మీదే ప్రత్యేకంగా పేరు తెచ్చుకున్న క్షేత్రం మాత్రం హిరోషిమాలో ఉంది, ఒమోసాకో. వారి చేపల ఫొటోలు దొరికితే శ్రద్ధగా చూడండి. కంటికి అలవాటు కావడానికి అంతకన్నా మంచి పాఠం లేదు.

దీనికి వ్యతిరేకంగా, జానెడు పిల్లలోనే నలుపంతా పూర్తిగా తేలి, అన్ని అంచులూ కోసినట్టు ఉంటే మనం మురిసిపోతాం. అలాంటి చేప చాలాసార్లు అప్పటికే తన శిఖరం చేరి ఉంటుంది. పెరిగేకొద్దీ చర్మం సాగుతుంది, మచ్చ పలచబడుతుంది. లోపల దాచిన నలుపు ఏమీ మిగలదు. పిల్లను కొంటున్నప్పుడు ఇంకా రావలసినది కొంత ఉండాలి. పెద్ద చేపను కొంటున్నప్పుడు వచ్చినదే చూడాలి.

రవ్వంత నల్ల నలుసులు, పొలుసు మీద మిరియం చల్లినట్టు కనిపిస్తే, వాటిని షిమి అంటారు. తెల్ల భాగంలో అవి ఉంటే తెలుపు చెడుతుంది. ఒకటి రెండు ఉంటే పోవచ్చు. చాలా ఉన్న చేప వద్దు.

ఆకారం గురించి తక్కువే చెబుతాను. తల మీద నలుపు తెలుపు రెండూ ఉండాలి. నలుపు అడ్డంగా లేదా ఏటవాలుగా ముఖాన్ని చీల్చినట్టు ఉంటే మెన్వారే అంటారు. ఉత్సురి ముఖానికి ఆ గంభీరం కావాలి. పూర్తిగా నల్లని తల బరువుగా ఉంటుంది, పూర్తిగా తెల్లని తల చేపనే బలహీనం చేస్తుంది. ఒంటి మీద పెద్ద పెద్ద మచ్చలు ఎడమకూ కుడికీ మారుతూ నడవాలి. చిన్న చుక్కల చెల్లాచెదురు వద్దు. తోక ముందు కాస్త తెలుపు కనిపించి ముగిస్తే కంటికి హాయి. పాత తరహాలో నలుపు ఎక్కువగా ఉండేది. ఈమధ్య తెలుపు సగానికి పైగా ఉన్న చేపల్ని ఇష్టపడుతున్నారు. నాకు పాత తరహానే ఇష్టం, ఆ బలం కొత్తవాటిలో తక్కువ. మీరు మీ కంటిని నమ్మండి.

పక్క రెక్కల్లో నలుపు రెక్క మొదలు దగ్గర గుండ్రంగా నిలిచి, మిగిలిన రెక్క తెల్లగా ఉంటే అది మోతోగురో. రెండు రెక్కల్లో సమానంగా ఉండటం గొప్ప. పిల్లల్లో రెక్క మొత్తం నల్లగా ఉంటే భయపడకండి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నలుపు రెక్క మొదలుకు సర్దుకుంటుంది. రెక్క పూర్తిగా తెల్లగా ఉన్న పిల్లలో మాత్రం నాకు నమ్మకం తక్కువ. ఒంటి మీది నలుపు కూడా నిలవకపోవచ్చన్న అనుమానం నన్ను వదలదు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల చాలామంది బోరు నీళ్లే కొలనుకు వాడుతున్నారు. అది చాలా చోట్ల కఠిన జలం. కఠిన జలంలో సుమి గట్టిగా నిలుస్తుందని, మెత్తని నీటిలో ఎరుపు బాగుంటుందని పెంపకందారులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ లెక్కన మన నీరు ఉత్సురికి అనుకూలం. మన ఎండలు మాత్రం కావు. నీరు వేడెక్కేకొద్దీ నలుపు వెలవెలబోతుంది, చల్లబడితే ముదురుతుంది. జనవరిలో చూసిన నలుపు మే నెలలో ఉండకపోవచ్చు. కాబట్టి చలికాలంలో కొంటున్నవారు ఆ చేప వేసవి ఫొటో తప్పక అడగాలి. వేసవిలో నలుపు కాస్త తగ్గినా నిలబడి ఉన్న చేపను కళ్లుమూసుకుని తీసుకోవచ్చు. కొలనుకు నీడ వేయండి, గాలి పంపు రాత్రిళ్లు ఆపకండి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది.

ఆరోగ్యం గురించి ఒక హెచ్చరిక. తెల్ల చర్మం మీద ఒత్తిడి వెంటనే తెలుస్తుంది. తెలుపులో ఎర్రని సన్నని నరాలు ఉబ్బి కనిపిస్తే ఆ చేప ఇబ్బందిలో ఉంది. ఎంత అందంగా ఉన్నా ఆరోజు కొనకండి. కోయి హెర్పిస్ వైరస్ అనే జబ్బు ఉంది. 2003లో జపాన్‌లోని కసుమిగౌర సరస్సులో సాగు కార్ప్ చేపలు పెద్ద ఎత్తున చనిపోవడానికి అదే కారణం. దానికి మందు లేదు. వేడి మరీ ఎక్కువైన నీటిలో, మరీ చల్లని నీటిలో ఆ వైరస్ బయటపడకుండా అణిగి ఉంటుంది. అందుకే మే నెలలో కొన్న చేప ఆరోగ్యంగా కనిపించి, నీరు చల్లబడ్డాక కొలను మొత్తాన్ని ముంచగలదు. కొత్త చేపను కనీసం మూడు వారాలు విడి తొట్టిలో, 22 నుంచి 25 డిగ్రీల నీటిలో ఉంచండి. దానితోపాటు మీ దగ్గరున్న ఒక మామూలు చేపను కూడా వేసి రెండింటినీ గమనించండి. ఆ తొట్టి చిక్కం, బకెట్టు వేరుగా ఉండాలి. దీన్ని శ్రమ అనుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

ప్రశ్నలు అడగవచ్చు.

వెనక వరుసలోంచి ఒకరు అడుగుతున్నారు, ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనవచ్చా అని. ఫొటో ఒక్కటే చూసి వద్దండి. ఫొటోలో నలుపును ముదురు చేయడం, తెలుపును మెరిపించడం క్షణాల పని. నీడలో తీసిన వీడియో అడగండి. చేప పక్కన తెల్ల ప్లాస్టిక్ గిన్నె ఏదైనా నీటిలో తేలనిచ్చి తీయమనండి. గిన్నె తెలుపు పక్కన చేప తెలుపు ఎలా ఉందో మీకే తెలుస్తుంది. ఆ చేప ఆరు నెలల కిందటి ఫొటో ఉంటే దాన్ని కూడా పంపమనండి. తల్లిదండ్రుల ఫొటోలు దొరికితే ఇంకా మంచిది, నలుపు ఏ వయసులో తేలుతుందో ఆ వంశమే చెబుతుంది.

ఈ అమ్మగారి ప్రశ్న, కొహాకు, శాంకేలతో కలిపి ఉత్సురిని పెంచవచ్చా అని. నిస్సంకోచంగా పెంచవచ్చు. స్వభావంలో తేడా లేదు, తిండి దగ్గర గొడవ లేదు. ఒక్క మేత విషయంలోనే రాజీ పడాలి. రంగు మేత ఏడాది పొడవునా వేయకుండా, ఎరుపు చేపలకు అవసరమైన కొద్ది వారాలు మాత్రమే వేసి, మిగిలిన కాలమంతా గోధుమ మొలక కలిపిన సాధారణ మేత వేయండి. పది చేపలున్న కొలనులో ఒక్క ఉత్సురి చాలు, రెండు దాటవద్దు.

ఇంకొకరు, పాతిక సెంటీమీటర్ల పిల్ల కొనాలా, నలభై సెంటీమీటర్లది కొనాలా అంటున్నారు. మీరు అడిగింది మొదటి ఉత్సురి కోసమైతే, రెండేళ్లు నిండిన, నలభైకి దగ్గర్లో ఉన్న చేపను కొనండి. అప్పటికి తల పసుపు ఏ వైపు వెళ్తుందో తెలిసిపోతుంది, నలుపులో కొంత తేలి కొంత లోపల ఉంటుంది, ఒంటి తీరు కనిపిస్తుంది. ధర ఎక్కువే. నాలుగు పిల్లల్ని కొనే డబ్బుతో ఆ ఒక్కటి తీసుకోండి.